ఇస్త్రీకి లొంగని కొలతలు

కొత్త కోటు కావాలంటే ఆ వీధిలో ఎవరూ కొట్టు పేరు అడిగేవారు కాదు. "కత్తెర మాస్టారు ఉన్నారా?" అని అడిగేవారు. ఉంటే లోపలికి వచ్చేవారు, లేకపోతే మర్నాడు వచ్చేవారు. కుట్టేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, కత్తిరించేవాళ్ళే దొరకరు. మాస్టారు బట్టను బల్లమీద పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరి కత్తెర పెట్టారంటే ఇక వెనక్కి తీసేది ఉండదు. మిగిలిన పీలికల్ని చూసి బట్టల కొట్టువాళ్ళే ముక్కున వేలేసుకునేవారు.

అలాంటి మనిషి కళ్ళకి నీటికాసుల జబ్బు వచ్చింది. ముందు పక్కచూపు తగ్గింది. బల్ల అంచు తగిలి తొడ కమిలితే వయసు అనుకున్నారు. తరవాత నల్లదారానికీ ముదురు నీలం దారానికీ తేడా తెలియలేదు. అప్పుడు భయం వేసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పోవలసిందంతా పోయింది, ఉన్న కాస్తా నెమ్మదిగా ఆరిపోయింది.

కళ్ళు పోతే జనం కాళ్ళూ చేతులూ కూడా పోయాయనుకుంటారు. గుమ్మం పక్కన స్టూలు వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: "ఇక రెస్టు తీసుకోండి మాస్టారూ."

"రెస్టు తీసుకోడానికి నేనేమైనా పరిగెత్తి వచ్చానా?" అనేవారు ఆయన.

కత్తిరింపు పని బావమరిది మీద పడింది. మిషను మీద కూర్చుంటే అతనికి తిరుగులేదు. కుట్టు గీత గీసినట్టు వస్తుంది. కానీ కత్తెర పట్టుకుంటే మాత్రం అతనికి చెమటలు, బట్టకు జ్వరం. రెండు కోట్లు చెడగొట్టాక అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ సంగతి అక్కతో చెప్పాడు, బావకి వినపడేలా.

"అక్కా, ఈ బల్ల తీసేద్దాం. కొట్టులో సగం చోటు ఇదే మింగేస్తోంది. రాకులు పెట్టి రెడీమేడ్ బట్టలు దింపుదాం. చిన్న చిన్న రిపేర్లు నేను చూసుకుంటాను."

మాస్టారి భార్య కాజాలు కుడుతున్న సూది ఆపింది. కాజాలు, గుండీలు, అంచుమడతలు, ఇస్త్రీ ఆవిడ పని. ఆవిడ భర్త ముఖం వైపు చూసింది. ఆయన లేచి, బల్ల దగ్గరికి వచ్చి, అంచు మీద చెయ్యి వేశారు. ఏళ్ళ తరబడి ఆయన పొట్ట ఆనించి వంగిన చోట ఆ చెక్క నున్నగా అరిగి లోపలికి పోయింది.

"ఈ బల్ల పోతే నేను గుమ్మం దగ్గర దిష్టిబొమ్మని. అంతేగా?" అన్నారు.

"అలా అంటావేంటి బావా. నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం."

"నన్ను చూసుకోడం కాదురా, బట్టని చూసుకోవాలి. నాకొక్క అవకాశం ఇయ్యి. మళ్ళీ కత్తిరిస్తాను. కుదరకపోతే బల్లని నేనే విప్పి ఇస్తాను."

బావమరిది చెడ్డవాడు కాదు. కాకపోతే కొట్టు నడవాలి కదా అనుకునే మనిషి. "సరే, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం'లో ఎంత నమ్మకం ఉందో మాస్టారి చెవికి తెలిసింది.

కత్తిరించడానికి కళ్ళ అవసరం అనుకున్నంత లేదని ఆయన కొద్దిరోజుల్లోనే కనిపెట్టారు. టేపుకి అంగుళానికో స్టేప్లర్ పిన్ను కొట్టించారు. పదికి రెండు పిన్నులు. సుద్దగీత బదులు వేలికి తగిలేలా దారంతో పొడుగు టాకాలు కుట్టుకున్నారు. అట్టముక్కలతో మెడ, చంక, భుజం నమూనాలు చేసి అంచుల్లో గాట్లు పెట్టుకున్నారు. కత్తెర సంగతి చెవే చెబుతుంది: బట్ట నిండుగా ఉన్నంతసేపు 'కర్' మంటుంది, చివరికి వస్తుంటే గొంతు పలచబడుతుంది.

చిక్కంతా కొలతల దగ్గర వచ్చింది. తీసుకున్న కొలత ఎక్కడో ఒకచోట ఉండాలి, కావలసినప్పుడు దొరకాలి. బావమరిది మాట్లాడే ఫోను తెచ్చిపెట్టాడు. కెమెరా ముందు బట్ట పెడితే రంగు చెబుతుంది, కొలత చెబితే దాచుకుంటుంది, అడిగితే చదివి వినిపిస్తుంది. రంగుల విషయంలో మాస్టారు దానికి దణ్ణం పెట్టారు. దారపు ఉండలన్నీ దాని ముందు పెట్టి, "ఇదేం రంగు? ఇదేం రంగు?" అని పసిపిల్లాడిలా అడిగారు.

పరువు పోయింది మాత్రం ఒక సాయంత్రం. కొట్టు నిండా జనం. ఎదుటి ఆసుపత్రి పెద్ద నర్సు యూనిఫారం తీసుకోడానికి వచ్చి కూర్చుంది. మాస్టారు ఆవిడ కొలత సరిచూసుకుందామని ఫోను నొక్కారు. ఫోను గొంతెత్తింది. "పెద్ద నర్సుగారు. ఛాతీ నలభై రెండు. నడుము నలభై నాలుగు. పిరుదులు..."

మాస్టారు ఫోనుని పొట్టకేసి నొక్కుకున్నారు. అది పొట్టలోంచి కూడా చెప్పింది.

"ఏంటి మాస్టారూ, నా నడుముకి వీధంతా చాటింపు వేయిస్తున్నారా?" అంది పెద్ద నర్సు. నవ్వనివాడు పాపాత్ముడు. ఆవిడ కూడా నవ్వింది, కానీ బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ రోజు మాస్టారు అన్నం సరిగా తినలేదు. దర్జీ అన్నవాడు కొలత తీసేటప్పుడు కూడా గొంతు తగ్గించి చెబుతాడు. మనిషి ఒంటి లెక్క ఆ మనిషికీ దర్జీకీ మధ్యే ఉండాలి. నేర్పినవాళ్ళు ఆయనకి మొదట నేర్పింది కత్తెర కాదు, ఆ మర్యాద.

"చెవిలో పెట్టుకునేది ఉంటుంది కదండీ" అంది భార్య.

"చెవులు మూసుకుంటే కత్తెర మాట ఎలా వినపడుతుందే? నాకు మిగిలినవే ఆ రెండు."

చప్పుడు లేకుండా చదువుకునే దారి కావాలి. అది ఒక్క చోటే దొరుకుతుందని ఎవరో చెబితే, భార్య చెయ్యి పట్టుకుని చూపులేనివాళ్ళ లైబ్రరీకి వెళ్ళారు. అక్కడ పుస్తకాలన్నీ నిలబెట్టి ఉంటాయి. ఒకదానిమీద ఒకటి పడేస్తే ఉబ్బెత్తు చుక్కలు అణిగిపోతాయట. వాటి మధ్య బ్రెయిలీ నేర్పే టీచరు కూర్చుని ఉంది. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది.

"వయసెంత మాస్టారూ?"

"అక్షరాలు దిద్దే వయసేనమ్మా. దిద్దించండి."

గళ్ళున్న పలక మధ్య దళసరి కాగితం బిగించి, మొనదేరిన పుల్లతో వెనకనుంచి పొడవాలి. కుడినుంచి ఎడమకి రాసుకుపోయి, కాగితం తిరగేస్తే చుక్కలు పైకి లేచి ఎడమనుంచి కుడికి చదవడానికి వస్తాయి. అందరూ ఇక్కడే తలపట్టుకుంటారని టీచరు ముందే హెచ్చరించింది. నాలుగు తిరగబడితే ఆరవుతుంది, ఐదు తిరగబడితే తొమ్మిదవుతుంది. మాస్టారు మాత్రం మొదటి రోజే తప్పులేకుండా పొడిచారు.

"ఇదెలా వచ్చింది మీకు?"

"కోటు కుట్టడం కూడా ఇంతే కదమ్మా. లోపలివైపు కుట్టి బయటికి తిప్పుతాం. ఎప్పుడూ ఉల్టాలోనే ఆలోచించాలి."

చదవమంటే మాత్రం ఒక్క అక్షరం రాలేదు. వేలు చుక్కల మీద వెళుతోంది, కానీ ఏమీ చెప్పడం లేదు. ఎండిన చెరుకుగడ మీద చీమ పాకినట్టుంది. వారాలు గడిచాయి. అంకెలన్నీ రాస్తారు, తన రాత తనే చదవలేరు.

"రాయడం వచ్చి చదవడం రాని మనిషిని ఇదే చూడడం" అంది టీచరు. "ఏదీ, చేతులిలా ఇవ్వండి." ఒక్కొక్క వేలూ పట్టుకుని, బట్ట నాణ్యం చూసే వ్యాపారిలా నలిపి చూసింది. "ఇవి వేళ్ళా, చెప్పుల అట్టలా?"

"సూది తిన్న వేళ్ళమ్మా."

"ఈ చూపుడువేళ్ళు రెండూ పనికిరావు. నడిమివేలు అంతకన్నా మొద్దు. ఇదేంటి... ఎడమచేతి ఉంగరపు వేలు మెత్తగా ఉందే?"

"ఉంగరం మొయ్యడం తప్ప దానికి వేరే పని చెప్పలేదు."

"అంటే సోమరి వేలు. దాన్నే బడికి పంపుదాం. ఇన్నాళ్ళూ కష్టపడని వేలికే ఇప్పుడు చదువు వస్తుంది."

అందరూ చూపుడువేలితో చదువుతారు. మాస్టారు ఉంగరపు వేలితో మొదలుపెట్టారు. అది మొదట మొండికేసింది, పక్కవేలిని లాక్కుంటూ వెళ్ళింది. ఒక మధ్యాహ్నం గీత మధ్యలో ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఆయన అన్నారు: "టీచరమ్మా, ఇది ముప్పై ఎనిమిది. అవునా?"

"నన్నెందుకు అడుగుతారు? వేలినే అడగండి."

"ముప్పై ఎనిమిదే" అన్నారు మాస్టారు. ఆ మాట నాలుగుసార్లు అన్నారు.

సరిగ్గా అప్పుడే పెద్ద పని వచ్చింది. పాటల బృందం ఒకటి తమ కచేరీకి అందరికీ ఒకే నల్లబట్టతో పొడుగు కోట్లు కావాలంది. ఒకే బట్ట, ఒకే తీరు. తేడా అంతా ఒంటి కొలతలోనే. రంగు చెప్పే ఫోను ఇక్కడ ఏం చేయలేదు, ఎటు చూపించినా "నలుపు" అంటుంది.

"బావా, ఇది నువ్వు కత్తిరించి చూపించు. కుదిరితే బల్ల కదలదు. కుదరకపోతే రాకులవాడికి ఫోన్ చేస్తాను" అన్నాడు బావమరిది.

మాస్టారు ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి కొలిచారు, పేరు, కొలతలతో ఒక్కొక్కరికీ ఒక కార్డు పొడిచారు. కుడి పైమూల కత్తిరించిపెట్టారు, ఏది తలో ఏది తోకో తెలియడానికి. ఉంగరపు వేలు కార్డు మీద, కత్తెర బట్ట మీద. చాలా రోజుల తరవాత ఆ కొట్టులో 'కర్' మన్న చప్పుడు గుక్కతిప్పుకోకుండా వినపడింది. భార్య కాజాలు ఆపి విన్నది. కత్తిరించిన ముక్కల్ని మనిషికొక మూటగా మడతపెట్టి, కార్డు జారిపోకుండా మడత లోపల దాచి, మాస్టారు కాస్త నడుం వాల్చడానికి వెళ్ళారు.

ఆయన దాచిన సంగతి ఎవరికీ చెప్పలేదు. మూటలు ముడతలు పడ్డాయని భార్య తడిగుడ్డ పరిచి, బరువైన ఇస్త్రీపెట్టె కాల్చి, ఒక్కొక్కదాని మీదా శ్రద్ధగా నొక్కింది.

మాస్టారు తిరిగొచ్చి, మొదటి మూటలోంచి కార్డు తీసి వేలు పెట్టారు. గాజుపలక. రెండోది, మూడోది, అన్నీ అంతే. లేచి నిలబడిన చుక్కలన్నీ పడుకున్నాయి.

"ఏమేవ్, వీటిమీద ఇస్త్రీ చేశావా?"

ఆవిడ చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. "లోపల కార్డులున్నాయని నాకేం తెలుసండీ..."

మిషను ఆగింది. బావమరిది వచ్చి ఒక కార్డు తిప్పి చూశాడు. "అయ్యో బావా. కాగితం మీద బుడిపెల్ని నమ్ముకుంటే ఇంతే. పాటలవాళ్ళేమో ఊరు విడిచి వెళ్ళారు, ట్రయల్ నాటికి గానీ రారు. ఏ మూట ఎవరిదో ఇప్పుడెవరు చెబుతారు?"

"తప్పు నాది. దాచింది నేను. మీ అక్కని ఏమీ అనకు" అన్నారు మాస్టారు. ఆ తరవాత ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. విప్పి ఇస్తానని తనే అన్నారు.

భార్య ఏడవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఆవిడకి చేతకాదు. ఒక కార్డు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఏటవాలు ఎండలో అటూ ఇటూ వంచి చూసింది.

"ఏమండీ, కనపడుతున్నాయి."

"ఏంటి?"

"చుక్కలు. బుడిపె లేదు గానీ, ఉన్న చోట కాగితం మెరుస్తోంది. ఇస్త్రీ ఎక్కువ తగిలిన నల్లకోటు మెరుస్తుంది చూడండి, అలా."

మాస్టారు తల ఎత్తారు. "నీకు ఈ చుక్కల అక్షరాలు రావు కదా."

"అక్షరాలు రాకపోతేనేం, ఎక్కడుందో చెప్పలేనా? కత్తిరించిన మూల కుడి పైకి పెట్టుకున్నాను. వినండి. పైన పక్కపక్కన రెండు."

"మూడు."

"దాని పక్క గడిలో ఎడమవైపు పైన ఒకటి, దాని కిందే మధ్యలో ఒకటి. కుడివైపు కూడా మధ్యలో ఒకటి."

"ఎనిమిది. ముప్పై ఎనిమిది! చదువు, చదువు."

చూపున్నావిడకి భాష రాదు, భాష వచ్చినాయనకి చూపు లేదు. ఆవిడ చుక్కల చోటు చెబుతుంటే ఆయన కొత్త కార్డు పొడుస్తున్నారు. బావమరిది కాసేపు నిలబడి చూసి, "మరి ఈ కార్డాయన నడుమెంత బావా?" అన్నాడు ఉండబట్టలేక.

"అది నీకెందుకురా? చదివిన మీ అక్కకే తెలియలేదు."

ఆవిడ పకపకా నవ్వింది. కొట్టులో పీడ విరగడైంది.

కార్డులు తిరిగొచ్చాయి. కానీ కోటు కుట్టడం అంటే కుట్టుకో ఇస్త్రీ. మూటతో పాటు తిరిగే గుర్తు ఏదైనా మళ్ళీ పెట్టెకిందే పడుతుంది. ఆయన ఆలోచిస్తుండగానే ఆవిడ ఒక గుడ్డపీలిక తీసి, కాజాల దారంతో సూదికి రెండు చుట్లు చుట్టి, గుచ్చి, బిగించింది. చిన్న ముడి. దాని పక్కన ఇంకొకటి. పీలిక మీద పెట్టె నొక్కి, ఆయన చేతిలో పెట్టింది.

"ఇది లొంగిందేమో చూడండి."

ఉంగరపు వేలు వెళ్ళి ఆగింది. ముడులు నిలబడే ఉన్నాయి.

"మూడు" అన్నారు మాస్టారు. "వేడిగా ఉంది గానీ, మూడే."

ఆపైన కార్డులన్నీ రేకుడబ్బాలోకి వెళ్ళాయి. ప్రతి మూటకీ మనిషి పేరులో మొదటి అక్షరం, ఛాతీ కొలత ముడులతో కుట్టిన పీలిక వచ్చింది. కోటు తయారవుతుంటే ఆ పీలిక మెడపట్టీ లోపల చేరింది. మొదట్లో ఆవిడ ముడులు దూరదూరంగా పడి వేలికి అందలేదు. మాస్టారు విసుక్కున్నారు, ఆవిడ తిరిగి విసుక్కుంది, విప్పి మళ్ళీ వేసింది. ట్రయల్ నాటికి ఆవిడ ముడులు ఆవాలు పేర్చినట్టు వచ్చాయి.

ఆ సాయంత్రం బృందమంతా వచ్చింది. కొట్టులో నిలబడడానికి చోటు లేదు. మాస్టారు తాడు మీంచి ఒక్కొక్క కోటు తీసి, మెడపట్టీలో వేలు దూర్చి, పేరు పిలిచి ఇస్తున్నారు. ఒకరి తరవాత ఒకరు వేసుకుని అద్దం ముందు తిరుగుతున్నారు. "భుజం ఎంత బాగా కూర్చుందో చూడు" అని ఎవరో అన్నారు. ఒకాయన మాత్రం దగ్గరికి వచ్చి చెవిలో, "మాస్టారూ, పొట్ట దగ్గర కొంచెం..." అన్నాడు. "గుండీ జరుపుతాను. ఎవరికీ తెలియదు" అన్నారు మాస్టారు అంతే మెల్లగా.

అంతలో పెద్ద గొంతు ఒకటి లేచింది. "ఇదేంటండీ! చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి!" అంటూ బృందంలో అందరికన్నా పొడుగాయన ముందుకి వచ్చాడు. నవ్వులు ఆగిపోయాయి. బావమరిది మిషను దగ్గర్నించి లేచాడు. "బావా..." అన్నాడు.

మాస్టారు తొణకలేదు. "ఇటు తిరగండి బాబూ, కాస్త వంగండి." ఆ కోటు మెడపట్టీలో ఉంగరపు వేలు పెట్టారు. ఎడమనుంచి కుడికి వెళ్ళి, నవ్వారు.

"ఇది మీది కాదు. నేను మీకిచ్చినదీ కాదు. మీ పక్కన నిలబడి కబుర్లు చెప్పినాయన ఎవరు? ఆయన ఇప్పుడు చేతులు కనపడకుండా నిలబడి ఉంటాడు, చూడండి."

అందరూ తిరిగి చూశారు. గుమ్మం పక్కన పొట్టి గాయకుడు ఒకాయన, వేళ్ళు కూడా కనపడని చేతులతో, ఏం జరిగిందో అర్థంకాక నిలబడి ఉన్నాడు. అద్దం చూసుకుని విప్పి కుర్చీ మీద వేసినప్పుడు ఇద్దరూ తారుమారు చేసుకున్నారు. కళ్ళున్నవాళ్ళందరికీ అవి రెండు నల్లకోట్లు. కొట్టు మొత్తం గొల్లుమంది. కోట్లు మారాయి. పొడుగాయన చేతులు చాచి చూసుకున్నాడు. అంచు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది. ఆయన అక్కడే నిలబడి ఒక పాట చరణం ఎత్తుకున్నాడు, మిగిలినవాళ్ళు అందుకున్నారు. ఎదుటి ఆసుపత్రి కిటికీలు తెరుచుకున్నాయి.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు బల్ల మీద పడిన దారాలు చేత్తో ఊడుస్తున్నారు. వెనకనుంచి బావమరిది ఫోనులో మాట్లాడడం వినపడింది.

"రాకులు వద్దండీ... లేదండీ, చోటు లేదు. మా కటింగ్ బల్ల ఉంది అక్కడ."

ఫోను పెట్టేసి, కొత్త బట్ట తాను ఒకటి తెచ్చి బల్ల మీద దించాడు. గొంతు సవరించుకున్నాడు. "బావా, దీని నిలువు పోగు ఎటుందో తెలియడం లేదు. ఒకసారి చూసి పెడతావా?"

'చూసి' అన్న మాటకి అతను నాలుక కరుచుకోలేదు, ఆయన ఏమీ అనుకోలేదు. మాస్టారు బట్టను పరిచి, అరచేత్తో పైనుంచి కిందికి ఒకసారి నిమిరారు.

"ఇటు. కత్తెర ఇయ్యి. నువ్వు కాస్త పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డమేం లేదు గానీ, మోచెయ్యి తగులుతోంది."